రెండు చెవుల బీరువా

రిటైరు కావడానికి కొంచెం ముందు, రెండువేల సంవత్సరం దాటిన తర్వాత, మా బ్యాంకువాళ్లు హిందూపురంలో ఒక కల్యాణమండపం అద్దెకు తీసుకుని మాకు ఒక రోజు శిక్షణ ఇచ్చారు. అందరూ కలిసికట్టుగా పనిచేయడం ఎలాగో నేర్పుతారట. టై కట్టుకుని వచ్చిన ఒకాయన మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టి, కళ్లు మూసుకుని వెనక్కి పడండి, వెనకున్నవాళ్లు పట్టుకుంటారు అన్నాడు. ముందుకు నడవడమే కష్టమైన మోకాళ్లవాళ్లం, వెనక్కి పడ్డాం. పట్టుకున్నారు కూడా. తర్వాత ఆయన మైకు నా నోటి దగ్గర పెట్టి, "సార్, టీమ్‌వర్కుకు కీ ఏంటి?" అని అడిగాడు.

"ఒకటి కాదు నాయనా, రెండు. ఒకటి ధర్మవరం పోతుంది, ఇంకొకటి హిందూపురం పోతుంది" అన్నాను.

హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, నా నెరిసిన తలను గౌరవించి, మైకు పక్కాయనకు ఇచ్చాడు. నేను హాస్యానికి చెప్పలేదు. ఏం చేసేది, నాకు కోపం వచ్చినప్పుడల్లా జనానికి నవ్వు వస్తుంది. ముఖం అట్లాంటిది. కాగితం మీదైతే ముఖం కనపడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఈ కోపం తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

తొంభైల నడుమ నేను పెనుకొండ బ్రాంచిలో గుమాస్తాను. బ్రాంచి అంటే నలుగురం: మేనేజరు, క్యాషియరు, నేను, అటెండరు. మేనేజరు ఇల్లూ నా ఇల్లూ హిందూపురంలో. క్యాషియరుది ధర్మవరం. అటెండరు ఒక్కడే పెనుకొండవాడు. పొద్దున షట్టరు ఎత్తేదీ సాయంత్రం దించేదీ అతనే కాబట్టి, మధ్యలో వచ్చిపోయే మమ్మల్ని చుట్టపు చూపుగా వచ్చినవాళ్లను చూసినట్టు చూసేవాడు. మేము ఇద్దరం దక్షిణం నుంచి రైల్లో వచ్చేవాళ్లం, క్యాషియరు ఉత్తరం నుంచి.

లోపలి గదిలో ఏనుగు పిల్లంత ఇనుప బీరువా ఉండేది. డబ్బూ, జనం తాకట్టు పెట్టిన నగలూ అందులోనే. దానికి రెండు బీగాలు. ఒక బీగం చెవి మేనేజరు దగ్గర, రెండోది క్యాషియరు దగ్గర. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, ఇద్దరూ తిప్పితేనే తలుపు తెరుచుకుంటుంది. ఒకడికి దుర్బుద్ధి పుడితే రెండోవాడు అడ్డం ఉంటాడని ఆ ఏర్పాటు. ఇద్దరికీ ఒకేసారి బుద్ధి లేకుండా పోతే ఏం చేయాలో మాత్రం ఆ ఏర్పాటు చేసిన మహానుభావులు ఆలోచించలేదు. ఇంగ్లీషులో దీన్ని జాయింటు కస్టడీ అంటారు. మా బ్రాంచిలో అది జాయింట్ల నొప్పిగా మారింది.

మొదట్లో అట్లా లేదు. వాళ్లిద్దరూ ఒకే క్యారియరులోంచి తినేవాళ్లు. కులం ఒకటి కాకపోయినా "బావా" అంటే "బావా" అనుకునేవాళ్లు. ఎవరైనా అప్పు తీర్చి నగలు విడిపించుకోవడానికి వస్తే, క్యాషియరు ఆ చీటీ మీద ముద్ర వేసి, తనే లేచి మేనేజరు బల్ల దగ్గరికి తెచ్చి, "లే బావా" అనేవాడు. మేనేజరు సంతకం గీకి లేచేవాడు. ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని లోపలి గదిలోకి పోయేవాళ్లు. చీటీ ఎవరు తేవాలి, ఎవరు ముందు లేవాలి అనే మాటలు ఏ రూలు పుస్తకంలోనూ లేవు. స్నేహం ఉన్నంతకాలం రూలు లేని లోటు మాకు తెలియలేదు.

మేనేజరు హిందూపురంలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారం గృహప్రవేశానికి క్యాషియరు భార్యతో సహా వచ్చాడు. నేనూ ఉన్నాను. మొదటి బంతి వేశారు. క్యాషియరు భార్య విస్తరి ముందు కూర్చుంది, నీళ్లు చల్లుకుంది, చేయి పెట్టబోయింది. మేనేజరు బామ్మర్ది వచ్చి, "అమ్మా, ఇది సుట్టాల బంతి, మీరు తర్వాత కూకోండి" అన్నాడు. ఎందుకు అన్నాడో నేను వివరించాల్సిన పని లేదు. మా సీమలో బంతిలోంచి మనిషిని లేపడానికి కారణాలు ఎక్కువ ఉండవు. ఆమె లేచింది. చీర కొంగు సర్దుకుని, ఏమీ జరగనట్టు నవ్వుతూ లేచింది.  భార్యాభర్తలిద్దరూ తర్వాతి బంతి కోసం ఆగలేదు. తిన్నగా రైలు స్టేషనుకు పోయారు.

సోమవారం రైల్లో నేను మేనేజరుతో అన్నాను, "సారూ, ఒక మాట చెప్పేయండి. తప్పయిందని అంటే పోతుంది."

"నేను లేపినానా? మా బామ్మర్ది లేపినాడు. ఆయప్పకు తెలీదు."

"తెలీదనే చెప్పండి."

"మేనేజరును నేను. క్యాషియరుకు నేను చెప్పుకునేదేంది?"

ఆదివారం దాకా బావ. సోమవారం నుంచి క్యాషియరు. ఇంత తొందరగా డిమోషన్ ఇచ్చిన మేనేజరును నేను వేరే చూడలేదు.

అప్పటి నుంచి వాళ్లకు మాటలు లేవు. బ్యాంకు మొత్తం ఒక హాలు. వాళ్ల బల్లల మధ్య ఆరేడు అడుగులు, మధ్యలో నా కుర్చీ. "మేనేజరు గారికి చెప్పప్పా, అనంతపురం నుంచి ఫోనొచ్చిందని" అని క్యాషియరు మేనేజరుకు వినపడేంత గట్టిగా నాతో అంటాడు. "విన్నానని చెప్పు" అని మేనేజరు నాతో అంటాడు. నేను చెప్పాలి. ఒకే భాషకు దుబాసీగా పనిచేసినవాడిని నేనొక్కడినే అయి ఉంటాను. ధర్మవరం మగ్గంలో నాడె ఇటూ అటూ తిరిగితే చివరికి ఒక చీరైనా వస్తుంది. నేను తిరిగితే ఏమీ రాలేదు, చెమట తప్ప.

అటెండరు అనేవాడు, "సారూ, నీకు జీతంతోపాటు టీయే గూడా ఇయ్యాల. ఎంత దూరం తిరుగుతాండావో!"

ఇంకొకటి కూడా మారింది. బీరువా దగ్గర పక్కపక్కన నిలబడటం వాళ్లకు ముళ్ల మీద నిలబడటమైంది. అందుకని ఎవరూ నోరు తెరిచి చెప్పుకోకుండానే ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున ఒకసారి తెరవడం, సాయంత్రం డబ్బు లోపల పెట్టడానికి ఒకసారి తెరవడం. మధ్యలో ఎవరొచ్చినా "సాయంత్రం దాకా కూర్చో". జనం కూర్చునేవాళ్లు. మా జనం ఆఫీసుల్లో కూర్చోవడానికే పుట్టినట్టు కూర్చుంటారు. వాళ్ల ఓర్పు చూసి మేము అది మా హక్కనుకున్నాం.

నిజం చెప్పాలంటే ఆ రోజు దాకా నా మనసు క్యాషియరు వైపే ఉండేది. అవమానం ఆయనది. కానీ అవమానపడినంత మాత్రాన మనిషికి న్యాయం తెలుస్తుందని నేననుకోవడం నా అమాయకత్వం.

ఆ రోజు పొద్దున్నే ఒకామె వచ్చింది. పెనుకొండకు పైన మెట్ట పల్లె. గొర్రెలు మేపుకునే ఇల్లు. వేరుశనగ విత్తనాలకని నగలు పెట్టి అప్పు తీసుకుంది. ఇప్పుడు గొర్రెలమ్మి, మొత్తం కట్టేసింది. చెవులకు కమ్మలుండాల్సిన చోట వేపపుల్లలు ఉన్నాయి. నగలు తాకట్టులో ఉన్నన్నాళ్లూ రంధ్రాలు పూడకుండా మా ఆడవాళ్లు అట్లాగే పెట్టుకుంటారు.

"నా కొడుకు పెండ్లి సారూ. రేపు పొద్దున ముగూర్తం. పిల్లది ఓబులదేవరచెరువు పక్క. గొలుసు ఎయ్యాల కోడలికి. నా కమ్మలు గూడా ఈడే ఉండాయి" అంది నాతో. గొలుసు వేస్తామని ఒప్పుకున్నది మగపెళ్లివారు. ఆ గొలుసు మా బీరువాలో ఉంది.

క్యాషియరు డబ్బు తీసుకుని చీటీ మీద ముద్ర వేశాడు. మాటలు పోయాక కూడా చీటీలు తనే మోసి మేనేజరు బల్ల మీద పడేసేవాడు, ఆ రోజు మాత్రం తన బల్ల అంచున పెట్టాడు. లేవలేదు. నేను తీసుకుపోయి మేనేజరు ముందు పెట్టాను.

"మీరెందుకు తెస్తారు? ఎవరు తేవాలో వాళ్లు తేవాలి" అని వెనక్కి తోశాడు మేనేజరు.

తిరిగి తెచ్చాను. "ఆయన్నే వచ్చి తీస్కోమను" అన్నాడు క్యాషియరు. "నేను ఇన్ని దినాలూ మోసింది చాలు."

మళ్లీ తీసుకుపోయాను. మళ్లీ తెచ్చాను. బెంచీ మీద కూర్చుని ఆమె తల ఇటూ అటూ తిప్పుతూ నన్నే చూస్తోంది. భోజనాల వేళ దాటింది. బయట ఎవరో వచ్చి, "అత్తా, ట్రాక్టరు రెడీగా ఉండాది, అందరూ ఎక్కినారు" అని కేకేశారు. "నగలు తీస్కోని వస్తా, ఉండండ్రా" అంది ఆమె.

సాయంత్రం బీరువా తెరిచారు. క్యాషియరు డబ్బు లోపల పెట్టాడు. నేను చీటీ పట్టుకుని ఆ గది గడపలో నిలబడ్డాను.

"సారూ, ఆమె నగలు."

"సంతకం లేదు కదా" అన్నాడు క్యాషియరు, గోడతో.

"చీటీ నాకు అందలేదు కదా" అన్నాడు మేనేజరు, బీరువాతో.

చీటీ నా చేతిలో ఉంది. నగల పొట్లం వాళ్ల చేతికందే దూరంలో, అరలో ఉంది. ఇద్దరూ తలుపు మూశారు. ఎవరి బీగం వారు తిప్పారు. ఆ ఒక్క పని మాత్రం ఎంత కలిసికట్టుగా చేశారో! ఎవరి చెవి వారు జేబులో వేసుకుని, ఒకరు సంచీ తీసుకుని, ఒకరు గొడుగు తీసుకుని, స్టేషనుకు బయలుదేరారు.

ఆమెకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక ఏడవలేదు. "యాడికి పోతాండారు వాళ్లు?" అని అడిగింది.

"స్టేషనుకు."

"పా."

స్టేషను ఊరికి దూరం. ఆటోలో వెళ్లాం. అప్పట్లో మాది సింగిల్ లైను. సాయంత్రం రెండు ప్యాసింజర్లకూ పెనుకొండలోనే క్రాసింగు. హిందూపురం పోయే బండి ముందే వచ్చి, ఎదురుబండి కోసం ఆగి ఉంది. మేనేజరు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ధర్మవరం బండి ఇంకా రాలేదు. అవతలి ప్లాట్‌ఫారం మీద క్యాషియరు నిలబడి ఉన్నాడు.

ఆమె ముందు క్యాషియరు దగ్గరికి పోయింది. "ఏం సారూ, నా గొలుసు పెట్లో పెట్టి, బీగం చెవి జోబీలో ఏసుకోని పోతాండావు? రేపు పెండ్లి అని పొద్దన్నుంచీ మొత్తుకుంటాండా కదా!"

"నాదేముందమ్మా? నేను రెడీనే. ఆయన దిగొచ్చి పిలిస్తే ఇప్పుడే వస్తా."

ఆమె పట్టాలు దాటి కిటికీ దగ్గరికి పోయింది. వెనకే నేను. "దిగు సారూ. ఆయప్ప వస్తానంటాండాడు, నువ్వు పిలిస్తే."

"ఆయన్నే వచ్చి చీటీ ఇయ్యమనమ్మా, దిగుతా."

"ముందు నువ్వు, ముందు నువ్వు అనేదానికి మీరేమన్నా కొత్త మొగుడూ పెండ్లామా, గడపలో నిలబడి పేర్లు చెప్పేదానికి?" అంది ఆమె. బోగీలో ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. మేనేజరు ముఖం ఎర్రబడింది. "ఈ రైలు సూడు సారూ. ఎదురుబండి రానీలే అని ఆగింది. ఇనుపదానికుండే ఇంగితం మీకు లేకపాయె!"

"రేపు పొద్దున రామ్మా, మొదట నీ పనే చేసిస్తాం."

"రేపు పొద్దున ముగూర్తం సారూ!"

"పెండ్లికి తాళి ఉంటే చాలు కదమ్మా, గొలుసు యాడికి పోతుంది?"

 పోదు. అదే కదా బాధ. గొలుసు యాడికీ పోదు. అవమానం మాత్రం పెళ్లి దాకా పోతుంది.

ధర్మవరం బండి వచ్చింది. క్యాషియరు ఎక్కాడు. హిందూపురం బండికి జెండా ఊపారు. ఒక చెవి ఉత్తరానికి, ఒక చెవి దక్షిణానికి వెళ్లిపోయాయి. నేను ఎక్కాల్సిన బండి కూడా అదే. ఎక్కలేదు.

ఆమె పట్టాల మధ్యన నిలబడే నాతో అంది, "నువ్వన్నా రా సారూ పెండ్లికి. గొలుసు బ్యాంకులో ఉండాదని మా బీగులకు నీ నోటితో చెప్పు. నా మాట నమ్మరు. అమ్ముకోని తిన్నామంటారు."

మా వైపు వియ్యాలవారిని కన్నడపు మాటతో బీగులంటారు. బీగాలవాళ్లు చేసిన పనికి బీగులకు సమాధానం చెప్పడానికి, ఆ రాత్రి ఏదో బస్సులో ఇల్లు చేరి, మర్నాడు హిందూపురం నుంచి ఓబులదేవరచెరువు మీదుగా కదిరి పోయే మొదటి బస్సెక్కాను. జీవితంలో మొదటిసారి నాకు బ్యాంకు ప్రతినిధి అనే హోదా వచ్చింది.

పెళ్లికూతురి ఇంటి ముందు చప్పరం వేసి పెళ్లి చేస్తున్నారు. అప్పటికే గొలుసు మాట మొదలైంది. పెళ్లికూతురి మేనమామ నన్ను చూసి, "ఏమప్పా, బ్యాంకాయన నువ్వేనా? గొలుసు యాడ?" అన్నాడు.

"బ్యాంకులోనే ఉందండీ. అప్పు మొత్తం కట్టేసినారు. మావాళ్లే బీరువా తీయలేదు."

"బీగమెయ్యడమే నేర్పినారా మీకు? తీసేది నేర్పలేదా?"

నవ్వులు. అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. బీగం చెడిపోయిందంటే నమ్మేవాళ్లు. నాకు నిజమే వచ్చింది నోటికి. "ఇద్దరు సార్లకు మాటల్లేవండీ. రెండు చెవులు కావాలి దానికి."

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "ఏం కథ చెప్తాండావప్పా! నేనూ మా అన్నా మాట్లాడుకోక ఎన్నేండ్లాయనో! బాయి ఒకటే మాకు. ఒక దినం వాడు నీళ్లు కట్టుకుంటాడు, ఒక దినం నేను కట్టుకుంటా. ఒక్కనాడన్నా వంతు తప్పినామా? మడి ఎండుతాంటే మా కొట్లాట దానికి చెప్తామా? సదువుకున్నోళ్లు, ఇట్లనా?"

 ఆయన మాట పెళ్లికొడుకు తల్లికి అనుకూలంగానే ఉంది, కానీ వినేవాళ్లకు అట్లా వినపడలేదు. "గొలుసు లేదంట", "బ్యాంకాయన్ను గూడా పిలిపించినారంట కథ చెప్పేదానికి" అని ఆడవాళ్లలో గుసగుసలు పోయాయి. తాళి కట్టారు. ఆ తర్వాత అత్త వచ్చి కోడలి మెడలో గొలుసు వేయాలి. ఆమె వచ్చింది. ఒట్టి చేతులతో కోడలి మెడ మీద చేయి వేసి, ఒక క్షణం అట్లాగే ఉంచి, తీసుకుంది. కొంగు తలమీదుగా చెవుల మీదికి లాక్కుంది. పుల్లలు కనపడకుండా.

బంతికి కూర్చోమని అందరూ పిలిచినా ఆమె కూర్చోలేదు. నన్ను మాత్రం చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. "నువ్వు తిను సారూ. పిల్చినందుకు వచ్చినావు." ఓళిగ, అదే బొబ్బట్టు, పెట్టారు. 

మరుసటి రోజు బ్యాంకులో అంతా చెప్పాను. మేనేజరు, "అయ్యో, మీరు ఆ పొద్దే ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు. క్యాషియరు, "చూసినావా, ఆయన మొండితనం వల్ల ఎంత పనయిందో" అన్నాడు. నేను కుర్చీలోంచి లేచాను. నా గొంతుకు కోపం అలవాటు లేదు. పెంచితే ఈలలాగా వస్తుంది. ఆ ఈలతోనే అరిచాను. "మీకు మాటలు లేకపోతే మానండి! ఆయమ్మ మీకేం చేసింది? మీ ఇంటి బంతి కొట్లాటను తీసుకుపోయి ఆ పిల్లోని పెళ్లిలో వడ్డించినారు కదయ్యా!" అటెండరు లేచి కిటికీలు మూశాడు, వీధిలో జనం వింటారని. మేనేజరు బల్ల మీద కాగితాలు సర్దాడు. క్యాషియరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఇద్దరిలో ఒక్కడు, ఎవరైనా ఒక్కడు, తప్పయిందని అంటాడని చూశాను. కళ్లద్దాలు మాత్రం తళతళలాడాయి.

కొన్ని రోజులకు ఆమె కోడలితో కలిసి వచ్చింది. ఈసారి చీటీ ఎవరు తెచ్చారో, ఎవరు ముందు లేచారో చూసే లోపలే బీరువా తెరుచుకుంది. అంత వేగంగా పని జరగగలదని ఆ రోజే తెలిసింది నాకు. పొట్లం విప్పి తూచి ఇచ్చారు. మేనేజరు తన కుర్చీ చూపించి "కూర్చోమ్మా" అన్నాడు. ఆమె నిలబడే సంతకానికి బదులు వేలిముద్ర వేసింది. పుల్లలు తీసి కమ్మలు పెట్టుకుంది. గొలుసు కోడలి మెడలో వేయబోతే, ఆ పిల్ల మెల్లగా, "ఇప్పుడేల అత్తా? సూసేవాళ్లందరూ సూసి పోయినారు కదా" అంది. ఎత్తిపొడుపు కాదు అది. ఉన్నమాట. ఆమె గొలుసు కొంగున ముడివేసుకుంది.

క్యాషియరు, తన మంచితనం చూపించుకోవడానికి కాబోలు, "మళ్లీ విత్తనాలప్పుడు రామ్మా, అప్పు వెంటనే ఇప్పిస్తాం" అన్నాడు.

"వద్దులే సారూ. నగలు కుదువ పెట్టుకునే శెట్టి అంగడికి పోతా."

నేను ఆగలేకపోయాను. "అమ్మా, ఆ అంగడిలో వడ్డీ మాకన్నా చాలా ఎక్కువ. ఇల్లు గుల్లవుతుంది."

"తెలుసు సారూ" అంది ఆమె, కోడలి చేయి పట్టుకుని మెట్లు దిగుతూ. "ఆయప్ప ఒక్కడే కదా. ఆయప్పతో ఆయప్పకు కొట్లాట రాదు."

తర్వాతి వానాకాలం, స్టేషను నుంచి బ్యాంకుకు పోతుంటే, శెట్టి అంగడి మెట్ల మీద ఆమె కనిపించింది. చెవులకు పుల్లలున్నాయి. నన్ను చూసి నవ్వి, "బాగుండావా సారూ?" అని పలకరించింది. "బాగున్నానమ్మా" అన్నాను. వడ్డీ సంగతి ఇంకొకసారి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.